దారం కట్టిన దోసకాయ

కాకరకాయలు ఒరుగులుగా కోయాలి, ఉసిరికాయలు ఉప్పులో వేయాలి, పండిన దోసకాయలన్నీ తెంపి, ఉడికించి, ఎండబెట్టాలి. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే కనుక, పెరట్లో పని చేసే మరబొమ్మకు ఈ పనులు పురమాయించింది నేనే.

మూడోనాడు ఒరుగుల జాడీలో అమ్మ చేతికి ఎర్రదారం తగిలింది.

"ఇత్తనానికని దారం కట్టుంచిన కాయ కదే ఇది! బొమ్మకి తెల్దు సరే, డిగ్రీకి కూడా తెల్దేటే?"

"మర్చిపోయానమ్మా."

"గింజలు కూడా ఉడికిపోనాయి."

కొన్న విత్తనాలు ఇప్పుడు ఒక్క పంటకే మొలుస్తాయి. మళ్లీ మళ్లీ మొలిచే పాత దోస మా ఊళ్లో అమ్మ దగ్గరే మిగిలింది, అదీ ఆ ఒక్క కాయలోనే.

ఆ ఒరుగులు అమ్మ ముట్టలేదు. మాఘంలో పోయింది.

ఎక్కడైనా తీగ మీది కాయకు దారం కనిపిస్తే తెంపకండి. మా అమ్మ సన్యాసమ్మను ఒక్కసారి తలుచుకోండి.