హీటరు విప్పినాయన

"అమ్మా, ఆగు! ఆ గదిలోకి పోవాకు!"

భుజాన తువ్వాలు వేసుకుని స్నానానికి వెళ్తున్న మీనాక్షి ఉలిక్కిపడి నిలబడిపోయింది.

వాకిట్లో ఎవరో నడివయసు మనిషి. మాసిన గడ్డం. చేతిలో పనిముట్ల సంచి.

వరండాలో రేడియో వింటున్న ఆమె భర్త సుబ్బరామయ్య మాస్టారుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవుర్రా నువ్వు? మా ఇంట్లో ఆడమనిషిని నీళ్లు పోసుకోవద్దనేదానికి?"

"పులివెందుల సార్. మోటార్లు రిపేరు చేస్తా. బాషా అంగట్లో మీరు కొన్న పాత హీటరు విప్పాల."

"బాషా పంపినాడా?"

ఆ మనిషి అవుననలేదు, కాదనలేదు. నేరుగా లోపలికి నడిచాడు.

అరవై నాలుగో సంవత్సరం అది. ప్రొద్దుటూరులో ఆ వీధి మొత్తానికి కరెంటు హీటరున్న ఇల్లు అదొక్కటే. గోడకు బిగించి పట్టుమని పది రోజులు కాలేదు.

వచ్చినవాడు మెయిన్ దించేశాడు. రేడియో ఆగిపోయింది. ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"దాన్ని ఈడనే పెట్టరాదా?" మాస్టారు కసిరాడు.

"ఎవురన్నా మరిచిపోయి తగిలిస్తే? పనయ్యేదాకా నా దగ్గరే ఉండనీ సార్."

వైర్లకు టెస్టరు తాకించి చూసుకున్నాడు. హీటర్లోని నీళ్లన్నీ వదిలేశాడు. వైర్లు ఊడదీసి, ఒక్కోదాని కొసకు విడివిడిగా టేపు చుట్టాడు. మరలు విప్పి హీటరు కిందికి దించాడు.

"ఏమైందని దానికి? రోజూ నీళ్లు కాగుతానే ఉండాయి గదా!"

"పైరేకుకు కరెంటు వస్తాంది సార్. తడి కాళ్లతో ముట్టుకుంటే ప్రాణం పోతాది."

"నోర్ముయ్! పొద్దున్నే అపశకునం మాటలు!"

అతను హీటరు పెరట్లోకి మోసుకుపోయాడు. గుండ్రాయి ఎత్తి దాని మీద వేశాడు. ఒకసారి కాదు. రేకు చితికి, లోపలి కాయిలు ముక్కలయ్యేదాకా వేశాడు.

మాస్టారు పరుగున వచ్చి చెంప ఛెళ్లుమనిపించాడు.

"విప్పమంటే పగలగొడతావా, దొంగనాయాలా!"

అతను చెంప తడుముకోలేదు. లోపలికి వెళ్లి ఫ్యూజు మళ్లీ తగిలించాడు.

"ఇంగ మెయిన్ ఏసుకోండి సార్."

మీనాక్షి వైపు తిరిగాడు.

"పో తల్లీ. పొయ్యి మీద నీళ్లు కాంచుకో."

సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

కోపం చల్లారని మాస్టారు అటునుంచి అటే బాషా అంగడికి పోయాడు.

"మనిషిని పంపి నా హీటరు పగలగొట్టిస్తావా? పోలీసోళ్లకు పట్టిస్తా ఇద్దరినీ!"

బాషా ముఖం పాలిపోయింది.

"నేను పంపలేదు సార్. పొద్దున వచ్చి మీ ఇల్లు యాడని అడిగి పోయినాడు. ఆయప్ప ఎవురో నాకూ ఇప్పుడే తెలిసింది. మీ ఇంటికే బయల్దేరుతాండా."

"ఎవడైతే నాకేంది? నా హీటరుతో వానికేం పని?"

"తెలీక కొన్నాను సార్ దాన్ని. జమ్మలమడుగులో ఒక ఇంటోళ్లు గోడ నుంచి పెరికి నాకమ్మినారు. పోయిన నెల వాళ్ల కోడలు నీళ్లు పోసుకుంటా దాన్ని ముట్టుకొని ఆడనే పానం ఇడిసిందంట."

బాషా తల వంచుకున్నాడు.

"ఆయప్ప ఆ పిల్ల నాయన సార్."