అడ్మిన్‌ను అడగండి

"ఈ అప్‌డేట్‌కు అడ్మిన్ అనుమతి కావాలి" అంది కంప్యూటర్, మళ్లీ.

నోలీన్ దాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. అది పట్టించుకోలేదు.

ఆస్ట్రేలియా ఎడారిలోని క్వాండాంగ్ క్రీక్‌లో ఆ ఆఫీసు గది ఆవిడదే. కిటికీ అవతల ఎర్రమట్టి, ఇవతల ఈగలు. బల్లకు ఎదురుగా ఆకుపచ్చ టీషర్టులో, జుట్టు నున్నగా దువ్వుకుని కీరన్ కూర్చున్నాడు. పదకొండింటికి అడిలైడ్ నుంచి ముగ్గురు పెద్దలు వీడియోలో అతనితో మాట్లాడాలి. అతని మాట నచ్చితే ఈ ఎడారి నుంచి బయటపడతాడు. మూడేళ్లుగా తిండీ పడకా ఇక్కడే, ఒక్కరోజు సెలవు లేదు. ఇవాళ తప్పితే మళ్లీ చలికాలం వెళ్లాకే.

ఆ వీడియో ప్రోగ్రామేమో పాతబడిందట. అప్‌డేట్ చేస్తేగాని తెరుచుకోదట. చేయబోతే కంప్యూటర్ భద్రత అడ్డు. తన సొంత ప్రోగ్రామునే దొంగను చూసినట్టు చూస్తోంది ఆ అనుమానపు పక్షి.

నోలీన్ అడ్మిన్‌కు ఫోన్ చేసింది. చేపలు పట్టడానికి వెళ్లాడట. మంగళవారం వస్తాడట.

"వాడి గాలానికి పాతచెప్పు తగులుకోనూ!" అని ఫోన్ పెట్టేసి కీరన్ వైపు తిరిగింది. "ఇలా రా నాయనా. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

కీరన్ చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

"అమ్మో, నేను దాన్ని ముట్టుకోను మేడం."

"నీ పనితనం పేపర్లో కూడా పడింది కదరా! ఇప్పుడేంటి, కొత్త పెళ్లికూతురల్లే ఆ సిగ్గు?"

"అడ్మిన్‌ని అడగమంటోంది కదా. అడక్కుండా చేస్తే తప్పు."

"అబ్బో, బుద్ధిమంతుడు! వచ్చేవారం నీ కూతురు మొదటిసారి బడికెళ్తోంది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తానన్నావు. ఇక్కణ్నుంచే ఊపుతావా ఆ చెయ్యి?"

ఆ ఒక్కరోజు కోసమే కీరన్ ఇన్నాళ్లూ నోరు మూసుకుని, చెప్పిన పని చెప్పినట్టు చేసుకుపోయాడు. గోడ గడియారం పదకొండుకు దగ్గరపడింది.

"ఎవరికి తెలుస్తుందిరా? నేను గోడవైపు తిరుగుతా. నా లామింగ్టన్ కేకులో సగం నీకే."

నిజంగానే తిరిగింది. నడుముకున్న తాళాలగుత్తి గలగలలాడింది.

కీరన్ వేళ్లు విరుచుకుని కీబోర్డు ముందుకు జరిగాడు. కాసేపు టకటక. అడ్మిన్ తానేనని నమ్మబలికాడు. అంతసేపూ బెట్టు చేసిన కంప్యూటర్ ఇట్టే నమ్మేసింది. అప్‌డేట్ గీత చివరిదాకా పాకింది.

"నా బంగారుకొండ!" అంది నోలీన్. చెప్పినట్టే సగం కేకు తుంచి ఇచ్చింది. కీబోర్డు నిండా కొబ్బరిపొడి.

తెర వెలిగింది. ముగ్గురు పెద్దలు ప్రత్యక్షమయ్యారు. కీరన్ మూతి తుడుచుకుని నిటారుగా కూర్చున్నాడు.

మధ్యనున్న పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని, చల్లగా నవ్వి అడిగింది:

"కీరన్, మిమ్మల్ని పెరోల్ మీద వదిలే ముందు ఒకే ఒక్క ప్రశ్న: ఈ జైలుకొచ్చాక మళ్లీ ఎప్పుడైనా, అనుమతి లేకుండా పరాయి కంప్యూటర్‌లోకి చొరబడ్డారా?"