అరుగు మీద పెట్టండి

కవిటిలో ఆ రోజు కుసుమ జీడి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి మరీ కాపు కాసింది.

భర్త యుగంధర్‌కి కిడ్నీలు పాడయ్యాయి. ఇంట్లోనే డయాలసిస్. రోజూ గొట్టంతో పొట్టలోకి నాలుగు మందునీళ్ల సంచులు ఎక్కాలి, ఒక్కటీ తప్పకూడదు.

ఆ బాక్సులు నెలకోసారి వస్తాయి. ఆ వేళకి ఆమె ఫ్యాక్టరీలో, అతను టైలర్ షాపులో. అందుకే బాక్సులు పంపే కంపెనీ ఫారంలో రాసింది, అరుగు మీద పెట్టండి అని.

తెచ్చే మనిషి మాత్రం పెరట్లో చూరు కింద బల్ల మీద పేర్చి పోతున్నాడు.

మోపెడ్ ఆగింది. నెరిసిన జుట్టాయన దిగాడు. బాక్సులు మోస్తూ ఆ రోజుకి అది నాలుగో ట్రిప్పు.

"అరుగు మీదెట్టమని రాసేను. సదవడం రాదేటి?"

"మద్దేనం అరుగంతా ఎండేనమ్మా. ఈ సంచులకి ఎండ తగలకూడదు."

"అరుగు మీదైతే ఎదురింటి వరహాలమ్మ సూత్తాది. పెరట్లోంచి ఎవులైనా ఎత్తుకుపోతే మా ఆయన గతేటి?"

ఆయన బాక్సు దించుకుని పెరటి వైపే నడిచాడు.

"సెప్పిన సోట ఎట్టు. లేదంటే ఇంక రాకు."

పాపం, ఆమె భయం ఆమెది. నోరే కాస్త ఎక్కువైంది.

ఆయన బాక్సులన్నీ అరుగు మీదికి చేర్చి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం అరుగు మీద కాలు పెడితే చుర్రుమంది. కుసుమకి సిగ్గేసింది. ఆ పూటే ఫారంలో 'వెనక చూరు కింద' అని మార్చింది.

మరుసటి నెల బాక్సులు రాలేదు. ఇంట్లో ఒక్క రోజుకే సంచులున్నాయి. బాక్సు మీదున్న నంబరు చూసి కంపెనీ వ్యాన్ డ్రైవర్ రవికుమార్‌కి ఫోన్ చేసింది.

"నిన్ననే జంక్షన్‌లో టీకొట్టు కాడ దింపేసేనమ్మా."

"అమ్మయ్య. మరి ఆ పెద్దాయన తేలేదేటి? మానిపించేసేరా? కోపంలో ఏదో అనేసేను బాబూ, తప్పు నాదే. ఆయన్నే పంపండి."

"నీలకంఠమా? ఆయన మా మనిషి కాదమ్మా. మా వ్యాన్ జంక్షన్ దాటి రాదు. మీ బాక్సులు ఆయనే సొంత బండి మీద తెచ్చేవోడు."



"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఆయమ్మ రావొద్దంది అన్నాడు. మొన్న బరంపురం, కూతురు కాడికి ఎల్లిపోయేడు."

"మాకెందుకు మోసేడు బాబూ? మేం ఆయనకి ఏటవుతాం?"

"ఏటీ అవరు. ఆయన ఇంటావిడకీ ఇయే బాక్సులు వచ్చేవి, ఆవిడ పోయి రెండేళ్లయినా వ్యాన్ వచ్చే రోజుకి బండేసుకుని జంక్షన్‌కి వచ్చేసేవోడమ్మా."