నోరు మూయించే ప్రోటీన్

“ఫ్లూ వైరస్ అంటే...” అని రంజని ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది.

పురసవాక్కం పేటలోని ఆ ఇంటి ముందుగదిలో వింటున్నది ఇద్దరే. ఒకరు ఆమె అవ్వ పొన్నమ్మ. రెండో మనిషి రంగసామి. కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. అతన్ని రంజని ఆ మధ్యాహ్నమే మొదటిసారి చూడటం. నాన్న గోపాలస్వామి టెలిఫోన్ బూత్‌కు వెళ్లాడు. ఆయన వచ్చేదాకా రంగసామికి కూర్చోక తప్పదు.

అది 1999. మర్నాడే యూనివర్సిటీలో రంజని సెమినార్. పోయినసారి నలుగురి ముందు నిలబడగానే ఆమెకు గొంతు పెగల్లేదు. ప్రొజెక్టర్ మీద షీటు తలకిందులుగా పెట్టి, ఏడుస్తూ బయటికి పరిగెత్తింది. ఈసారీ అదే జరిగితే పరిశోధన మానుకోమని గైడు తేల్చి చెప్పేశాడు. కొత్తవాళ్ల ముందు మాట్లాడి అలవాటు చేసుకో, భయం పోతుందని స్నేహితురాళ్లు సలహా ఇచ్చారు. ఇప్పుడు కొత్త మనిషి ఇంటికే వచ్చాడు. వదులుకుంటే ఎలా?

“నాకేమీ తెలీదు మా. సిన్నపిల్లోడికి చెప్పినట్టు చెప్పు,” అన్నాడు రంగసామి.

రంజని ఊపిరి పీల్చుకుంది. “వైరస్ మన కణంలోకి దూరతాదన్నా. లోపల కాపలా ఉంటాది. వైరస్ ఆర్ఎన్ఏ దాని కంటపడిందంటే, కణం ఇంటర్‌ఫెరాన్‌ని బయటికి వదుల్తాది. అంటే కేక పెట్టినట్టే. పక్క కణాలన్నీ జాగ్రత్త పడతాయి.”

“ఆ కేకే కదమ్మా కొంప ముంచేది!”

“అందుకే వైరస్ ఎన్ఎస్‌వన్ అనే ప్రోటీన్‌తో తన ఆర్ఎన్ఏని కప్పేస్తాది. కాపలాకి ఏమీ కనపడదు. కేక రాదు.”

రంగసామి కళ్లు పెద్దవయ్యాయి. “ఆ ప్రోటీన్ వెంట తెచ్చుకుంటాదా?”

“లేదన్నా. లోపలికొచ్చినాక ఆ కణం చేతనే చేయించుకుంటాది.”

“ఆ ఇంటి సామాన్లతోనే! అయ్యయ్యో, ఏమి బుర్ర మా దానికి!”

ఇంతలో పొన్నమ్మ కాఫీ తెచ్చింది. చల్లార్చి, గ్లాసు ఎత్తి తానే అతనికి తాగించింది. కొంగుతో మూతి కూడా తుడిచింది.

“ఏ ఊరు నాయనా?”

“ఈడనే అవ్వా, పక్క పేట చూలై. తెలుగోళ్ల వీధి.”

“మన తెలుగోళ్లేనా! ఇంకో గ్లాసు తాగు. మళ్లీ ఎప్పుడు తాగతావో ఏమో.”

రంగసామి మనసు కాఫీ మీద లేదు. “సెరి మా, ఆ ఎన్ఎస్‌వన్ లేకుండా పోతే?”

ఈ ప్రశ్న రంజని ఊహించలేదు. కాసేపు షీట్లు తిరగేసింది. తర్వాత వాటిని పక్కన పెట్టేసి, తనే చెప్పడం మొదలుపెట్టింది. “అది తీసేసిన వైరస్‌ని ఈమధ్యే తయారు చేసి చూసినారన్నా. కణం గట్టిగా కేక పెట్టేసింది. చుట్టుపక్కలంతా మేలుకున్నాయి. ఇంక వైరస్‌కి కదిలేదానికి లేదు.”

రంగసామి తల అడ్డంగా ఊపాడు.

“పాపం,” అన్నాడు.

“ఎవరు?”

“వైరస్ మా.”

రంజనికి ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మొదటి షీటు తీసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి మాట తడబడలేదు.

ఆఖరి షీటు మిగిలి ఉండగా గోపాలస్వామి రొప్పుతూ వచ్చాడు. వెనకే ఇద్దరు మనుషులు.

“ఈయనేనా?” అన్నాడు వాళ్లలో పెద్దాయన.

“ఉండండి సార్, ఇంకొక్కటే ఉండాది. పిల్లని చెప్పనీండి,” అన్నాడు రంగసామి.

ఏమనుకున్నారో, వాళ్లు గోడవార నిలబడి విన్నారు. అంతమంది ముందు రంజని చివరిదాకా చెప్పింది. ఎక్కడా ఆగలేదు. పొన్నమ్మ కళ్లు తుడుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు, రంగసామి తప్ప.

రంజని ముఖం చిన్నబోయింది. “బాగలేదా అన్నా?”

“శానా బాగుండాది మా! నేను బీరువా తెరుస్తా ఉంటే మీ అవ్వ పట్టుకొని ఈ కుర్చీకి కట్టేసింది కదా, ఆ తాడు విప్పమను ఈ పోలీసాయన్ని, నేనూ చప్పట్లు కొడతా.”