వెనకాల కనబడే పాక

"స్లిప్పులో తేదీ రాయకపోతే రీలు ఇవ్వం," అన్నాడు లైబ్రేరియన్ రమణమూర్తి తలెత్తకుండా.

కాసులమ్మ చేపల గంప గేటు బయటే దించి వచ్చింది. అయినా ఆయన రుమాలు ముక్కుకడ్డం పెట్టుకున్నాడు.

"తేదీలు మాకేటి తెలుస్తాయి బాబూ? ఉక్కు గొడవలైన ఏడు, నాగులచవితి ఎల్లిన మూడోనాడు పోటో తీసారు. పేపర్లో ఏసారు."

"ఎవరి ఫొటో?"

"ఎనకాల మా పాక కనబడతాది బాబూ. నాకదే సాలు."

సంగతంతా అసిస్టెంటు గౌరీశ్వరికి చెప్పుకుంది. ఫిషింగ్ హార్బరు పక్కన తన పేటను ఖాళీ చేయిస్తున్నారు. పదిహేనేళ్లుగా అక్కడే ఉన్నట్టు శనివారంలోగా రుజువు చూపినవాళ్లకే వేరేచోట స్థలం. తన కాగితాలు తుపానుకు కొట్టుకుపోయాయి.

లైబ్రరీలో పాత పేపర్లు చెదలు పడుతున్నాయని మైక్రోఫిల్ముకెక్కించి, కాగితాల్ని తూకానికి అమ్మేశారు. ఇక ఆ యంత్రంలో చూడాల్సిందే.

"ఉక్కు గొడవలు, నాగులచవితి అంటే అరవై ఆరు నవంబరు సార్. పావుగంట పని," అంది గౌరీశ్వరి.

"పరిశోధకుల కోసం తెచ్చిన యంత్రమమ్మా అది, పాకలు వెతుక్కోడానికి కాదు. అయినా చదువు రానిదానికి పేపరెందుకు?"

గౌరీశ్వరికి ఒళ్లు మండింది. కానీ తనది టెంపరరీ ఉద్యోగం.

కాసులమ్మ వరసగా నాలుగు రోజులు తిరిగింది. శుక్రవారం సాయంత్రం గౌరీశ్వరి గడ్డం పుచ్చుకుని, "పోనీలే తల్లీ, నీ ఉజ్జోగం మీదికి తెచ్చుకోకు," అని వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున స్టాండుకు పేపర్లు తగిలిస్తుంటే వార్త కనబడింది. రుజువులు చూపని పాకలన్నిటినీ ఆదివారం తొలగించారట.

కూలదోయడానికి సెలవురోజైనా పనికొచ్చింది. వెతకడానికి నాలుగు పనిరోజులు చాల్లేదు.

గౌరీశ్వరి చేతిలో పేపరు అక్కడే పడేసి, బీరువాలోంచి రీలు తీసి యంత్రానికెక్కించింది.

"స్లిప్పేదమ్మా?" గుమ్మంలోంచి అడిగాడు రమణమూర్తి.

"ఉద్యోగం తీసేస్తే తీసేయండి సార్. స్లిప్పు మాత్రం రాయను."

పిడి తిప్పుతూ పోయింది. దొరకడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

వెనకాల పాక ఉంది, తాటాకు కప్పుతో, చూరుకు వేలాడుతున్న వలతో. ముందు ఇసుకలో, మునిగిన లాంచీలోంచి బతికి బయటపడ్డ తొమ్మిదిమంది కూలబడి ఉన్నారు.

రమణమూర్తి కూడా వచ్చి వంగి చూశాడు. ఫొటో కింది అక్షరాలు ఆయనే చదివాడు, చదివేకొద్దీ గొంతు తగ్గిపోతూ.

ఆవేళ పేటలో మగవాళ్లంతా చేపల వేటకు పోయారు. ఆడది తెప్ప ఎక్కితే గంగమ్మకు కోపమని అక్కడి కట్టుబాటు. కులం వెలేస్తుందని తెలిసీ, ఒక నిండు గర్భిణి ఒంటరిగా తెప్ప వేసుకుని పోటులోకి వెళ్లి, ఆ తొమ్మిదిమందినీ ఒడ్డుకు చేర్చింది.

వాళ్ల మధ్య, తడిసిన చీరతో, కొంగు మొహానికడ్డం పెట్టుకోబోతూ నిలబడి ఉంది కాసులమ్మ.