డేరా ముందు ముగ్గు

ఊరు సముద్రంలో కలిశాక, శిబిరంలో సాయం సాయంత్రాల్లోనే దిగేది. విదేశీ సహాయ సంస్థవారి ఎగిరే కన్ను, డ్రోను ఒకటి, డేరా డేరాకీ కష్టాన్ని కొలిచి, బియ్యం కొలిచి దించేది. నూకరత్నం డేరా మీద మాత్రం వారంగా వాలడం లేదు. పాపం, పేరులో ఉన్న నూకలు కుండలో లేవు.

సంస్థలో పనిచేసే శైలజ వచ్చి సంగతి చెప్పింది. "మీరు కోలుకున్నారనుకుంటోందండి అది. వాకిట్లో రోజూ ముగ్గుంటోంది కదా."

"కోలుకోనేదని నువ్వు సెప్పమ్మా దానికి."

"నా మాట వినదండి. నాకు పని చెప్పేదే అది."

నూకరత్నం అత్త వైపు చూసింది. ముగ్గు వేసేది ఆవిడే.

"మనిసి పోయిన ఇంటికే ముగ్గుండదే," అంది అత్త. "నా కొడుకు ఇంకా సముద్రంలో దొరకనేదు. ముగ్గు మానేస్తే ఆడు పోయాడని మనమే ఒప్పుకున్నట్టు."

"పిల్లలకి గంజి కూడా నేదత్తా."

మర్నాడు తెల్లారేసరికి ముగ్గు మళ్లీ ఉంది. నూకరత్నం దాన్ని కాలితో చెరిపేసింది. మొగుడి మీద కాలు పెట్టినట్టే అనిపించింది.

సాయంత్రం బియ్యం బస్తా ఠంచనుగా దిగింది. నూకరత్నం వండి, ముందు అత్తకు వడ్డించింది. అత్త తినలేదు. మొదటి ముద్ద తీసుకెళ్లి, చెరిగిన ముగ్గు మీద పెట్టి, కాకిని పిలిచింది.