తువ్వాలు వేసిన సీటు

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు నంద్యాల కాలేజీలో చేరిన సామ్యేలుకు మొదటి నెలలోనే ఇంటి మీద బెంగ పట్టుకుంది.

హాస్టల్లో ముద్ద దిగదు, క్లాసులో ఇంగ్లీషు పాఠం తలకెక్కదు, పలకరించే దిక్కు లేదు.

మధ్యలో తిరిగొస్తే ఇక చదువు మాట ఎత్తొద్దని, పొలంలో మడక పట్టుకోవాల్సిందేనని నాయన జకరయ్య పంపేటప్పుడే తేల్చి చెప్పాడు.

మడకే మేలనుకుని ఒక సాయంత్రం రేకు పెట్టెతో బస్టాండుకొచ్చాడు.

ఆళ్లగడ్డ ఆఖరి బస్సు. కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరి, పెట్టె టాపు మీద పెట్టించి, లోపలికెళ్ళేసరికి ఆ సీట్లో పంచెకట్టు మనిషొకడు కూర్చుని ఉన్నాడు. తువ్వాలు కింద పడి ఉంది.

"అది నా సీటప్పా. తువ్వాలేసినా."

"దాని మీద నీ పేరుందా?"

"లెయ్యప్పా."

"నిలబడి రా. చాతకాకుంటే దిగి పో."

సామ్యేలుకు ఒళ్ళు మండింది. ఇలాంటి అన్యాయస్తుడితో ఒకే బస్సులో పోయేది లేదని పెట్టె దించుకుని హాస్టలుకు వచ్చేశాడు.

కోపం పట్టలేక, అంతవరకూ మాటే కలపని గదిలోవాళ్ళకు జరిగిందంతా చెప్పాడు. వాళ్ళు పడీపడీ నవ్వారు. ఆ పూట అన్నం మారడిగి తిన్నాడు.

కొన్నాళ్ళకు బెంగ మళ్ళీ వచ్చింది. మళ్ళీ పెట్టె, మళ్ళీ తువ్వాలు, మళ్ళీ ఆ మనిషే. ఈసారి తువ్వాలు మీదే కూర్చున్నాడు, మెత్తగా ఉందట.

దసరా నాటికి హాస్టలంతా సామ్యేలును ఆపి సీటు సంగతులు అడిగేది. చెప్పి నవ్వించే పనిలో పడి అతను పెట్టె సంగతి మరిచిపోయాడు.

క్రిస్మస్ సెలవులకు దర్జాగా బస్టాండుకొచ్చి తువ్వాలు విసిరాడు. ఎక్కి చూస్తే తువ్వాలు వేసినచోటే ఉంది.

పాడు మనిషి, ఈ రోజే రాకపోవాలా అని మనసు చివుక్కుమంది. సెలవులకు పోతున్నానని ఆయన ముందు గొప్పలు పోదామనుకున్నాడు మరి.

కండక్టరును అడిగాడు.

"ఓబయ్యనా? పోయిన నెల కాలం చేసినాడు."

 ఆళ్లగడ్డలో ఆయన ఇల్లెక్కడని సామ్యేలు అడిగాడు.

"ఆళ్లగడ్డ యాడిదప్పా? ఆయనిల్లు ఈ బస్టాండెనకాలే. నువ్వు పెట్టెతో వచ్చేది చూస్తానే వచ్చి ఎక్కుతాండె. నువ్వు దిగిపోయినాక, ఊరి చివర దిగి ఎనక్కి నడిచిపోతాండె."

"మరి బస్సెందుకెక్కినట్ల?"

కండక్టరు టికెట్లు కొట్టడం ఆపాడు.

"కాలేజీలో చేరిన కొత్తలో ఆయనా నీ మాదిరే పెట్టెతో బస్సెక్కి ఇంటికి పోయినోడంట, ఆ పొద్దు నా సీటు ఎవరన్నా లాక్కోనింటే బాగుండు అంటాండె."